ఎత్తేసిన హేచరీ

"పైపు వేసినదానికంటే తీయడానికే ఎక్కువ ఖర్చవుతుందా? మోటార్లమ్మిన డబ్బంతా దీనికే పోతుందయ్యా ఖుద్దూస్!" కృత్తివెన్ను ఒడ్డున నిలబడి లబోదిబోమన్నాడు పిచ్చేశ్వరరావు. తెల్లమచ్చ రోగమొచ్చి ఆయన రొయ్యపిల్లల హేచరీ మూతపడింది. దానికి ఉప్పునీళ్లు తోడిన పైపు మాత్రం సముద్రంలోనే ఉంది.

"అది కదలకూడదని సిమెంటు దిమ్మలు కట్టించింది తమరే గదండీ," అన్నాడు పైపు వేసిన కాంట్రాక్టరు ఖుద్దూస్. "కదల్లేదు."

తన ముందుచూపుకి తనకే నవ్వొచ్చింది పిచ్చేశ్వరరావుకి.

"అయినా హేచరీ ఎత్తేశాను గదా! ఇంకా దాని గొడవ నాకెందుకు?"

చిరిగిన వల భుజాన వేసుకొచ్చిన నాంచారమ్మ ఆగింది. "ఏం ఎత్తేశారు బాబుగారూ?"

"అన్నీ! మోటార్లు, ట్యాంకులు, తలుపులు, ఆఖరికి ట్యూబులైట్లు కూడా."

"అయ్యన్నీ అమ్ముడుపోయేవి గదండీ. మా వలకి తగులుకునేదాన్ని మటుకు ఎత్తలేదు."

పిచ్చేశ్వరరావు గేటు వైపు చూశాడు. ‘హేచరీ ఎత్తివేయబడినది’ అని ఎర్రరంగుతో తనే రాయించిన బోర్డు తళతళలాడుతోంది.

"ఖుద్దూస్, రేపే పడవలు తీసుకురా. ఈలోగా ఆ బోర్డు ఎత్తేస్తాను. నేనొక్కణ్ణీ ఎత్తగలిగింది అదొక్కటే."