జంటకర్రల సారు

దర్జీకి ఏళ్లుగా ఒక సందేహం. మిషను తొక్కుతూ చేసుకునే ప్రార్థన దేవుడి చెవిన పడుతుందా, చక్రం చప్పుడులో కొట్టుకుపోతుందా?

ఈమధ్య ఆయన కోరేది ఒక్కటే. భార్య లేచి నడవాలి.

ఆమె వార్డు నర్సుగా చేసి రిటైరైంది. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది.

"ఇక నడవకపోతే మీరే మంచానికి అతుక్కుపోతారు," అన్నాడు డాక్టరు.

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన చేతికర్రని ఆమె తలుపు వెనక్కి తోసేసింది.

"అది పట్టుకుని వీధిలోకెళ్తే అందరూ అయ్యో పాపం అంటారు. నావల్ల కాదు."

దర్జీ బతిమాలాడు. కసురుకున్నాడు. అలిగి ఒక పూట అన్నం మానేశాడు. ఆమె కుర్చీ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

అప్పుడే ఆ వీధిలో ఒక కొత్త మనిషి కనబడసాగాడు. అరవై దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం. రెండు చేతుల్లో రెండు సన్నటి కర్రలు. వాటిని వెనక్కి నెడుతూ, ఛాతీ విరుచుకుని చకచకా నడిచేవాడు.

ఇస్త్రీ కొట్టతను ఊరుకుంటాడా? "సారూ, మంచుమీద జారే కర్రలు తెచ్చారు, మరి మంచు ఏదీ?"

"మంచు పడేలోపు నేర్చుకుందామని," అన్నాడాయన ఆగకుండానే.

వీధంతా నవ్వింది. జంటకర్రల సారని పేరు పెట్టేసింది.

దర్జీ కూడా నవ్వాడు. "కాళ్లు నిక్షేపంలా ఉన్నాయి. ఆ కర్రలు ఉత్త షోకు."

"షోకే," అంది భార్య కిటికీలోంచి చూస్తూ. "రోగిలా లేడు. ఆటగాడిలా ఉన్నాడు. ఏమండీ, ఒకసారి పిలవండి."

పిలిస్తే వచ్చి కిటికీ బయట నిలబడ్డాడు.

"ఇవి ఎవరు వాడతారండీ?"

"నడకంటే ఇష్టమున్నవాళ్లు."

"ఒంట్లో బాగోలేనివాళ్లు కాదా?"

"వాళ్లూ వాడొచ్చు. చూసేవాళ్లకి తేడా తెలీదు."

ఆమె దర్జీ వైపు తిరిగి, "చెప్పులిలా ఇవ్వండి," అంది.

మర్నాడు ఆయన ఇంకో జత తెచ్చాడు.

"కర్ర మీద వాలకండి. వెనక్కి నెట్టండి. చూపు నేలమీద కాదు, ముందుకి."

"నర్సుకే పాఠాలా?"

"తప్పు చెబితే దిద్దండి."

మొదట గేటుదాకా. తర్వాత ఇస్త్రీ కొట్టుదాకా. వర్షాలు వచ్చేసరికి ఆమె వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, "ఆకలేస్తోంది," అంది.

దర్జీ సంతోషం పట్టలేకపోయాడు. అయినా లోపల ఒక అనుమానం. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఊరికే ఇంత చేస్తాడా? కర్రలమ్మే కంపెనీ మనిషేమో, రేపో మాపో ధర చెబుతాడేమో అనుకుని ఒక్కనాడూ గడప లోపలికి రమ్మనలేదు.

ధర చెప్పకుండానే ఆయన రావడం మానేశాడు.

కొన్నాళ్లకి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ఆయన కర్రలు.

"నాన్న పోయిన వారం పోయారమ్మా. గుండె ఆగిపోయింది. ఇవి మీ దగ్గరుంటే బాగుంటుందని తెచ్చాను."

దర్జీ చేతిలో కత్తెర బల్లమీద పెట్టేశాడు. "అంత గట్టిగా నడిచే మనిషి…"

"ఆయన ఎడమకాలు పెట్టుడుకాలండీ. మోకాలి కింద నుంచి."

"నాకే తెలీలేదే," అంది నర్సు నెమ్మదిగా.

"తెలియకూడదనే అనేవారు. తెలిస్తే మీరు జాలనుకుని కర్రలు ముట్టుకోరని."

"మేం ఆయనకేమవుతాం తల్లీ?" అన్నాడు దర్జీ.

ఆ అమ్మాయి నర్సు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఏళ్ల కిందట కాలు తీసేసిన కొత్తలో నాన్న మంచం దిగనని మొండికేసి గోడవైపు తిరిగి పడుకుంటే, నాలుగు తిట్టి, చంకల కింద చేతులేసి, వార్డు ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించింది మీరేనమ్మా, మీరు పడిపోయి కుర్చీకే పరిమితమయ్యారని ఆస్పత్రిలో విన్నాక, ఆ బాకీ తీర్చుకోవడానికే రోజూ రెండు బస్సులు మారి మీ కిటికీ ముందుకొచ్చి నడిచేవారు."