అమలమ్మ స్తుతియాగం

అమలమ్మ మూడో చరణం ఎత్తుకునేసరికి కిరీటి కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

ఏమైందని పాస్టర్ జయపాల్ గారు వేదిక మీంచే కళ్లతో అడిగారు. ఏ శ్రుతి పట్టుకోమంటారన్నట్టు కిరీటి పైకప్పు వంక చూశాడు.

ఇబ్రహీంపట్నంలోని ఆ చిన్న చర్చిలో ప్రతి ఆదివారం ఇదే వరస. ఆవిడ మైకు ముందుకొచ్చి, కొంగు చివర గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. చేతులు వణుకుతాయి. పాట మొదలయ్యాక వణకడం వినేవాళ్ల వంతు. అయిపోగానే గబగబా వెళ్లి సీసాడు నీళ్లు తాగేస్తుంది. అది భక్తి పారవశ్యమని పెద్దవాళ్లు అంటారు. పాటల పిచ్చి అని జయపాల్ గారి అభిప్రాయం.

“అసలావిడని మైకు దాకా రానిచ్చిందెవరు?” ఇంటికొచ్చాక భార్య మీద విరుచుకుపడ్డారాయన.

“మీరు డెంగీతో ఆసుపత్రిలో ఉన్నారుగా, అప్పుడు మొదలెట్టింది. అంతకుముందు చివరి వరసలో నోరెత్తకుండా కూర్చునేది, పాపం,” అంది దానమ్మ.

“నేనుంటే మొదట్లోనే తుంచేసేవాణ్ణి. వచ్చే ఆదివారం గవర్నర్‌పేట పెద్ద పాస్టర్ గారు మన ఆరాధనకి వస్తున్నారు. నచ్చితే వాళ్ల సభల్లో వాక్యం చెప్పమని పిలుస్తారు. ఈవిడ పాడిందంటే నా పని అయిపోయినట్టే!”

“పాడొద్దని చెప్పేయండి.”

“నేను చెబితే నొచ్చుకుంటుంది. దేవుడు చెప్పినట్టుండాలి.”

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో జయపాల్ గారు లేవీయకాండం తెరిచారు.

“ఇశ్రాయేలీయులు బలికి ఏం తెచ్చేవారు? కుంటి గొర్రెనా? గుడ్డి మేకనా? కాదు! మందలో కళంకం లేనిది, ఇవ్వడానికి చెయ్యి రానిది! గొర్రె లేనివాళ్లు పావురాలు తెచ్చారు. అవీ లేనివాళ్లు పిండి తెచ్చారు. క్రీస్తు బలితో ఆ రక్తం, ఆ పొగ తీరిపోయాయి. మరి మనమేం ఇస్తున్నాం? కానుకల సంచిలో ఎక్కడా చెల్లని చిరుగు నోటు!”

కొందరు చెప్పుల వంక చూసుకున్నారు.

“ప్రాణంతో సమానమైనది వదులుకోవడమే అర్పణ. ఉదాహరణకి, కొందరికి పాటలంటే ప్రాణం...” అని రెండో వరస వంక చూశారు.

అమలమ్మ తలూపుతూ కళ్లు తుడుచుకుంది. బాణం తగిలిందని ఆయన లోపల స్తోత్రం చెప్పుకున్నారు.

ప్రార్థన అయ్యాక కిరీటి బిర్యానీ వదిలేస్తానన్నాడు, ఆదివారాలు తప్ప. దానమ్మ టీవీ సీరియల్ వదిలేసింది. అది ఎలాగూ ఆ వారమే అయిపోతోంది.

చివరికి అమలమ్మ వచ్చింది.

“వందనాలు, అయ్యగారూ. భలే చెప్పారు. నేను కాఫీ మానేస్తానండీ.”

“కాఫీ కాదమ్మా. అంతకన్నా ఇష్టమైనది.”

“మధ్యాహ్నం కునుకాండీ?”

“పాటలమ్మా, పాటలు!”

అమలమ్మ తెల్లబోయింది. “నాకు పాటలిష్టమని ఎవరన్నారండీ? నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. శనివారం వచ్చిందంటే అన్నం సయించదు. నా గొంతు ఎలాంటిదో నాకు తెలీదా?”

“మరైతే మాకెందుకమ్మా ఈ...” జయపాల్ గారు మిగతాది మింగేశారు. “ఎందుకు పాడుతున్నారు?”

“మొక్కండీ. ఒక మనిషి చావుబతుకుల్లో ఉంటే, బతికిస్తే నేనున్నన్నాళ్లూ ప్రతి ఆదివారం పాడతానని ప్రభువుకి మాటిచ్చా. గొర్రెలూ పావురాలూ నాకెక్కడివి? ఉన్నదల్లా సిగ్గే. అదే ఇచ్చేశా.”

జయపాల్ గారికి ఒళ్లు మండిపోయింది. గవర్నర్‌పేట సభలు కళ్లముందే జారిపోతున్నాయి.

“బాగుందమ్మా! వాడు హాయిగా తిని తిరుగుతుంటాడు, ఇక్కడ సంఘమంతా చెవులు అర్పించుకోవాలా? అంత ఖరీదైన ప్రాణమా అది? ఇంతకీ ఎవడా మహానుభావుడు?”

అమలమ్మ కొంగు చివర గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకుంది.

“మీరే, అయ్యగారూ.”