ఎదురింటి సార్

తలుపు తీసేసరికి గుమ్మం ముందు ముగ్గు ఉంది.

ప్రభాకర్ అలాగే నిలబడిపోయాడు. భార్య పోయాక తన గుమ్మం ముందు ముగ్గు చూడటం అదే మొదటిసారి.

ఎదురింటి గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ నడుం పట్టుకుని లేస్తోంది. పాత అద్దాల రవిక, చేతుల నిండా పచ్చబొట్లు, పక్కన నీళ్ళ బకెట్టు.

"బోసిగున్నదని నీకు గూడ ఏసిన. ఏమనుకోకన్నా," అంది.

"మంచి పనే చేశావు. పేరేంటమ్మా?"

"రూప్లి."

ఎదురింటి పనామె అన్నమాట, అనుకున్నాడు ప్రభాకర్.

గని ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, మణుగూరులో ఈ మేడ మీదికి వచ్చి నెల కూడా కాలేదు. మేడ మీద రెండే వాటాలు. కింద సిమెంటు గోదాము. పలకరించే దిక్కు లేక సాయంత్రమైతే టీవీతో వాదించుకుంటున్నాడు.

ఎదురింటి తలుపు మీద 'పూల్‌సింగ్, ఓవర్‌మ్యాన్' అని ఇత్తడి బోర్డు ఉంది. ఆ సారు మాత్రం ఒక్కసారీ కనబడలేదు. ఏ గనిలోనో షిఫ్టులు కాబోలు.

ఆ రోజు నుంచి రెండు గుమ్మాల ముందూ ముగ్గు పడేది. డబ్బులివ్వబోతే రూప్లి నవ్వి వెళ్ళిపోయింది.

ప్రభాకర్‌కు రోజు మొత్తంలో మనుషులు కనిపించేది పొద్దున పదినిమిషాలే. కాలనీ పార్కులో పాఠం. తండా నుంచి వచ్చిన ఒక టీచరమ్మకు ఇల్లు కిరాయికి ఇవ్వం పొమ్మన్నారు ఆ వీధిలో. ఆ సిగ్గుతో లెక్చరర్ నాగలత ఈ పాఠం మొదలుపెట్టింది. మన కులం, మన జాతి కానివాళ్ళ గురించి రోజూ ఒక సంగతి తెలుసుకోవాలి. ముఖం కడుక్కున్నట్టు అదీ అలవాటు కావాలి.

ప్రభాకర్ ఒక్కరోజూ మానలేదు. పాఠం కోసమా, పదిమందిలో కూర్చోవడం కోసమా అంటే రెండోదే ఎక్కువ.

"ఇన్నాళ్ళూ విన్నాం. ఇక చేసి చూద్దాం," అంది నాగలత ఆ వారం. "మనతో ఎప్పుడూ కలిసి తినని మనిషిని ఆదివారం ఇంటికి పిలవండి. పక్కన కూర్చోబెట్టుకుని తినండి."

ప్రభాకర్ ప్రాణం లేచొచ్చింది. తన ఇంట్లో ఇంకో కంచం!

పిలవడానికి ఎవరున్నారు? దారిలో స్కూటర్ మెకానిక్ హఫీజ్‌ను అడిగాడు.

"మాఫ్ చెయ్యి సార్. అప్పుడే ముగ్గురు పిలిచిండ్రు. ఎవరింట్ల తినాల్నో సమజైతలేదు," అన్నాడు హఫీజ్.

ఉసూరుమంటూ మెట్లెక్కుతుంటే ఇత్తడి బోర్డు కనిపించింది. పూల్‌సింగ్ అంటే లంబాడీ ఆయనే. ఎదురుగానే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నానా, అని తనను తానే తిట్టుకున్నాడు.

రూప్లి మెట్లు ఊడుస్తోంది.

"రూప్లమ్మా, ఆదివారం మీ సారును మా ఇంటికి భోజనానికి పిలవాలి. ఏ వేళప్పుడు ఉంటారు?"

ఆమె చీపురు ఆగింది. బోర్డు వైపు చూసింది.

"ఆయన రాడన్నా."

"షిఫ్టా? మార్చుకోమని చెప్పు."

ఆమె ఏదో చెప్పబోయింది. ప్రభాకర్ ఆగితేగా!

"ఆయన నా పక్కన కూర్చుని తింటే అది నాకు గౌరవం. మనుషులంతా ఒక్కటేనమ్మా. రోజూ నేను నేర్చుకుంటున్నది అదే."

"మరి నేనొస్త అన్నా," అంది రూప్లి మెల్లగా. "ఒక్కదాన్నే తిని తిని అన్నం సయిస్తలేదు."

ప్రభాకర్ మనసు కరిగిపోయింది.

"దానికేం భాగ్యం! ఒక డబ్బా తెచ్చుకో. నీకు విడిగా కట్టిస్తాను."

మంచి పని చేశానన్న తృప్తితో లోపలికి వెళ్ళాడు. మిగిలిన మెట్లు ఊడవకుండానే రూప్లి చీపురు పక్కన పెట్టేసింది.

ఆదివారం ప్రభాకర్ తనే వండాడు. దోసకాయ పప్పు, కోడికూర, పెరుగు. టేబుల్ మీద రెండు కంచాలు పెట్టి, కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

ఒకసారి తలుపు చప్పుడైతే గబగబా వెళ్ళి తీశాడు. కోతి.

అన్నం చల్లారింది. డబ్బా పట్టుకుని రూప్లి కూడా రాలేదు.

ప్రభాకర్ నొచ్చుకున్నాడు. 'మనం సమానమనుకుంటే చాలా? ఆయనా అనుకోవాలిగా. గనిలో పదిమంది మీద అజమాయిషీ చేసే ఓవర్‌మ్యాన్ కదా, గుమాస్తా ఇంట్లో ఎందుకు తింటాడు!' అనుకుంటూ ఒక్కడే తిన్నాడు. ఎదుటి కంచం వైపు చూడలేక దాన్ని బోర్లించాడు.

వంట హడావిడిలో ఆదివారం చూసుకోలేదు గానీ, సోమవారం గుమ్మం ముందు ముగ్గు లేదు. మర్నాడూ లేదు. వారం తిరిగినా లేదు. పొద్దున తలుపు తీయాలంటేనే దిగులుగా ఉంటోంది.

ఆఖరికి కిందికి దిగి గోదాము వాచ్‌మన్ పిచ్చయ్యను అడిగాడు.

"ఎదురింటి సారు పనామెను మాన్పించారా?"

"ఏ పనామె సార్?"

"అదేనయ్యా, రూప్లి. ముగ్గేసే ఆవిడ."

పిచ్చయ్య వింతగా చూశాడు.

"ఆమె ఆదివారం పొద్దుగాలనే పోయింది సార్, జూలూరుపాడు అవతల తమ్ముని తండాకు. ఇగ రాదట. ఎదురుంగ మనిషొచ్చిండు, మాటకు తోడైతడని మస్తు ఖుషీగుండె మొన్నటిదాంక. ఏమైందో ఏమో."

"అయ్యో! మరి ఆ సారుకు వంటా అదీ ఎవరు చేస్తున్నారు?"

"పూల్‌సింగ్ సారుకా? ఆయన సచ్చిపోయి ఎన్నేండ్లాయె సార్, ఆ ఇంట్ల ఉన్నది ఆయన భార్య రూప్లమ్మ ఒక్కతే గదా!"