పంతులమ్మ కార్డు

"మీ కార్డు చూపించండి," అన్నాడు కానిస్టేబుల్ స్టెలన్. తీరా హెల్మెట్ తీసిన మనిషిని చూశాక, అడక్కుండా ఉంటే బాగుండేదనుకున్నాడు. ఆవిడ రగ్నిల్డ్ టీచర్.

గడ్డకట్టిన స్టోర్‌సెలే సరస్సు మీద, మంచు మీద నడిచే మోటారుబండ్ల దారి ఒడ్డెక్కే చోట, పొద్దున్నుంచీ తనిఖీ సాగుతోంది. టీచర్ వెనక పద్నాలుగు బండ్లు బారులు తీరాయి. వాళ్లలో అందరికన్నా ముందున్నది స్టెలన్ బావమరిది తోర్డ్. బండి నడిపే లైసెన్సు కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చాడని పోయిన ఆదివారమే స్టెలన్ వాడికి జరిమానా రాశాడు. ఆ రోజు నుంచి భార్య కాఫీ ఇస్తోంది గానీ నోరు విప్పడం లేదు. ఇవాళ తోర్డ్ కార్డుకి తాడు కట్టి మరీ మెళ్లో వేలాడేసుకొచ్చాడు.

"కార్డు లేదు నాయనా," అంది టీచర్.

"ఇంట్లో మరిచిపోయారా?"

"మరిచిపోడానికి ఉంటేగా. అసలు తీసుకోనేలేదు."

స్టెలన్ గొంతు తగ్గించాడు. "అదేంటండీ, ఊళ్లో అందరికీ బండి నేర్పింది మీరేగా."

"నేర్పాను. నాకు పరీక్ష పెట్టేవాళ్లెవరు? ఈ చుట్టుపక్కల బండి సంగతి తెలిసింది నాకొక్కదానికే. క్లాసు మొదలెట్టమన్నారు, మొదలెట్టాను. స్వీడన్ మొత్తంలో నన్ను కార్డు అడిగిన మొదటివాడివి నువ్వే."

"ఏం బావా, ఇంతసేపు?" వెనకనుంచి తోర్డ్ అరిచాడు. "రూలు ముందు చుట్టాలూ పక్కాలూ లేరన్నావు. పోలీసైనా సరే కార్డు లేందే బండి ఎక్కకూడదన్నావు. టీచర్లకి వేరే రూలా?"

అందరూ నవ్వారు. స్టెలన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. వదిలేస్తే ఊళ్లో తలెత్తుకోలేడు, ఇంట్లో అసలే అడుగుపెట్టలేడు. పుస్తకం తీసి జరిమానా రాశాడు.

"క్షమించండి టీచర్. బండి ఇక్కడే వదిలి ఊళ్లోకి నడవాలి."

ఊరు అక్కడికి పదకొండు కిలోమీటర్లు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

ఆమె కాగితం మీద తాపీగా సంతకం పెట్టింది. "కార్డు లేని మనిషి పరీక్ష పెట్టి ఇచ్చిన కార్డులు చెల్లుతాయా స్టెలన్?" క్లాసులో అడిగినట్టే అడిగింది.

"చెల్లవు టీచర్," అనేశాడు, క్లాసులో చెప్పినట్టే.

అన్నాక, జేబులోంచి తన కార్డు తీసి చూసుకున్నాడు. దాని అడుగున ఉన్న సంతకమూ, జరిమానా కాగితం మీది సంతకమూ ఒకటే.

ఆ మాట బండ్ల వరస చివరిదాకా పాకింది. వెనక ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తోర్డ్ మెళ్లో కార్డుని మెల్లిగా కోటులోకి దూర్చుకున్నాడు.

టీచర్ బండి దిగి ఒంటి మీది మంచు దులుపుకుంది.

"పదండి పిల్లలూ, వరసలో నడవండి. స్టెలన్, నువ్వు ముందు."