ఇప్పుడే ఊడవకు

దివిసీమ మునిగాక తాత్కాలిక అనుమతి మీద మెరకనున్న నగరానికి వచ్చిన నాంచారయ్య చేతిపట్టీ, గడువింకా ఆర్నెల్లుండగానే ఎర్రబడింది. ఇప్పుడు విచారణల్లేవు. అనుమతి రద్దయి పట్టీ ఎర్రబడిన పది నిమిషాల్లో, వెనక్కి పంపే బండి గుమ్మం ముందుంటుంది.

"మా ఊరే లేదు గదయ్యా, సముద్రంలో దింపుతారా?" అంటూ భార్య తిరపతమ్మ బండితో వచ్చిన కాపలావాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది. ఆయన్నెక్కించుకుని బండి కదిలిపోయింది.

వెంటనే గదిలో ఊడ్చే యంత్రం మొదలైంది. మనిషి గడప దాటగానే ఇల్లు ఊడిస్తే ఇక తిరిగిరాడని దివిసీమవాళ్ళ నమ్మకం. తిరపతమ్మ దానికి అడ్డంగా కూలబడింది.

"ఆగవే తల్లీ! ఆయనింకా సందు మలుపన్నా తిరగలా."

"పనికి అడ్డు రావద్దు," అంది యంత్రం. మళ్ళీ అంది. ఆమె కదల్లేదు. మూడోసారి అది పైకి ఫిర్యాదు పంపింది. ఆమె చేతిపట్టీ ఎర్రబడింది.

బండెక్కుతూ వెనక్కి చూసింది తిరపతమ్మ. యంత్రం అప్పుడే గడప దాకా ఊడ్చుకొచ్చింది. ఈసారి అడ్డం కూర్చునేవాళ్ళెవరూ లేరు.