రెండో చెవి

జలపతి కళ్ళు మూసుకోగానే ఊర్మిల తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. అతని ఒక చెవిలో శిబిరంవాళ్ళు ఇచ్చిన ఇయర్‌ఫోన్ ఉంది. ఆమె రెండో చెవి దగ్గర నోరు పెట్టింది.

“తుపాకి పట్టకు. ఆయన్ని చంపితే రమణ తిరిగిరాడు. నువ్వు ఇంటికి రావాలె.”

యుద్ధం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ జలపతికి కంటిమీద కునుకు లేదు. సిరిసిల్లలో ఒక పెద్ద నాయకుడు మాజీ సైనికులకు ఉచిత వైద్య శిబిరం పెట్టాడని తెలిసి, కోరుట్లలో తమ పక్కింటి హబీబుద్దీన్‌తో కలిసి వెళ్ళాడు. అతనూ పాత సిపాయే. రోజూ మధ్యాహ్నం ఇంట్లోనే మాత్ర వేసుకుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని పడుకోమన్నారు. ఇన్నేళ్ళకు మనిషి నిద్రపోతున్నాడని ఊర్మిల సంబరపడింది.

ఒకనాడు ఇయర్‌ఫోన్ జారిపడితే తీసి తన చెవికి ఆనించుకుంది. మెత్తని గొంతు ఒకటి చెప్పిందే చెబుతోంది. గాయపడ్డ రమణను మంచులో వదిలేసి వచ్చింది మేజర్ ఆనందమేనట. జగిత్యాలలో ఆయన ఎన్నికల సభలో పాట మొదలవగానే లేచి ఆయన్ని కాల్చాలట.

రమణ జలపతి ప్రాణస్నేహితుడు. యుద్ధంలో ఎట్లా పోయాడో జలపతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. యుద్ధంలో వాళ్ళ పై అధికారి అయిన మేజర్ ఆనందమేమో ఈసారి ఎన్నికల్లో ఆ నాయకుడి మీదే పోటీకి దిగాడు. లేనిపోని కథ అల్లి మొగుడి తలలోకి ఎక్కిస్తున్నారని ఊర్మిలకు అర్థమైంది. హబీబుద్దీన్ భార్య జరీనాబీకి చెప్పుకుని ఏడ్చింది, పోలీసుల దగ్గరికి పోదామంది.

జరీనాబీ వద్దంది. “స్టేషనోళ్ళు గాయన మనుషులే అక్కా. మనం నోరు తెరిస్తే మనోళ్ళను మాయం జేస్తరు. వాళ్ళు ఒక చెవిల జెప్తున్నరు. మనం ఇంకో చెవిల జెప్దాం.”

ఆనాటి నుంచి రెండిళ్ళలోనూ అదే పని.

సభ రోజున ఆడవాళ్ళిద్దరూ బస్సెక్కి జగిత్యాల వెళ్ళి, ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చున్నారు. పాట మొదలైంది. మగవాళ్ళ వైపు హబీబుద్దీన్ కీ ఇచ్చిన బొమ్మలా లేచి, శిబిరంవాళ్ళు ఇచ్చిన పిస్తోలు తీశాడు. అతని పక్కనే జలపతీ లేచాడు. జలపతి పిస్తోలు వేదిక మీదున్న మేజర్ గుండెకు సూటిగా నిలిచింది.

జలపతి చెయ్యి దించాడు. పిస్తోలు నేల మీద పడేసి, హబీబుద్దీన్ చేతిని పైకెత్తి పట్టుకున్నాడు. తూటా షామియానా చీల్చుకుని పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

బయటి జిల్లా పోలీసులు వచ్చి కూపీ లాగితే నాయకుడి కుట్రంతా బయటపడింది. నిద్రపోయినవాళ్ళనే ఆ గొంతు ఆడించగలదని, మెలకువగా ఉన్నవాళ్ళ మీద దాని ఆట సాగదని డాక్టరు కోర్టులో చెప్పాడు. హబీబుద్దీన్‌కైతే సభకు వెళ్ళినట్టే గుర్తులేదు. నిద్రమత్తులో జరిగినదానికి వాళ్ళను దోషులనలేమని జడ్జి ఇద్దరినీ వదిలేశాడు.

ఇంటికొచ్చాక ఊర్మిల అన్నం పెట్టింది. జలపతి కంచం ముట్టలేదు.

“ఇంకా ఏం రంది? నీ తప్పు లేదని జడ్జి సుత అన్నడు. నిద్రల వాళ్ళు ఆడించిండ్రు, నిద్రల్నే నేను ఆపిన. గంతే” అంది.

జలపతి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“తుపాకి నేనే ఎత్తిన. నేనొక్కనాడు గూడ నిద్రపోలే, ఊర్మిలా.”