నట్టల ఉపవాసం

వేములపల్లి బుచ్చమ్మ కూతురికి ఎంత చెప్పినా ఎక్కాలు గుర్తుండవు.

"అది మొద్దు దయ్యం! ఉపవాస ప్రార్థనకే వదులుతదని మత్తయి సువార్త పదిహేడులో ఉంది" అని గర్జించాడు పాస్టరు యోహాను.

మూడు శుక్రవారాలుగా పిల్లను పస్తుంచారు. ఇవాళ బడిలో కడుపులో నట్టలు, అదే నులిపురుగులు, పడిపోయే గోలీలు పంచుతుంటే పిల్ల ప్రార్థనలో ఉంది. టీచరమ్మే గోలి పట్టుకుని మందిరానికి వచ్చింది.

"గోలి మింగితే ఉపాసం ఖరాబైతది టీచరమ్మా" అంది బుచ్చమ్మ.

"పిల్లొక్కతే ఉపాసముంటున్నదమ్మా. దాని కడుపుల నట్టలు ఉపాసముంటున్నయా? అవి దీన్నే తింటున్నయ్. ఇగ ఎక్కాలెట్లొస్తయ్?"

ప్రార్థన ఆగిపోయింది. బుచ్చమ్మ పాస్టరు వంక చూసింది. యోహాను గోలి అందుకుని, పిల్ల నోట్లో పెట్టి, చేతులు పైకెత్తాడు.

"చూసిన్రా! మూడో శుక్రవారానికే దేవుడు మందు పంపిండు! స్తోత్రం చెప్పున్రి!"